ఇరవై నాలుగు గంటల నొప్పి

అపెండిసైటిస్ అన్న మాట ఎరగని మన పెద్దవాళ్ళకి కూడా "ఇరవై నాలుగు గంటల నొప్పి" అంటే వెంటనే తెలుస్తుంది. కడుపులో కుడిపక్క పోటు వస్తే రోజు తిరక్కుండా పట్నం తీసుకుపోయి ఆపరేషను చేయించాలి, లేకపోతే మనిషి దక్కడు అన్న హెచ్చరిక ఆ పేరులోనే ఉంది. ఎడ్లబండి మీద పడుకోబెట్టి పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళవలసిన రోజుల్లో ఆ హెచ్చరికకి చాలా విలువ ఉండేది.

ఇక్కడ అమెరికాలో మనలో చాలామందికి ఆస్పత్రి పావుగంట దూరంలో ఉంటుంది. ఇరవై నాలుగు గంటలూ తలుపులు తెరిచే ఉంటాయి. అయినా మన కుటుంబాల్లో ఈ నొప్పిని రెండేసి మూడేసి రోజులు ఇంట్లోనే పెట్టుకుని కూర్చోవడం వింటూనే ఉన్నాం. దీనికి కారణాలు మొహమాటం, ఖర్చు గురించి భయం, "గ్యాసే, తగ్గిపోతుంది" అన్న ధీమా. అందుకే ఈ నెల ఈ విషయం ఎత్తుకున్నాం. సకాలంలో పట్టుకున్న అపెండిసైటిస్ ఒకటి రెండు రోజుల్లో తేలిపోయే వ్యవహారం. పగిలిన అపెండిక్సు ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. చాలామంది విషయంలో ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం మనం ఇంట్లో వృథా చేసిన ఒకటి రెండు రోజులే.

అసలు జరిగేదేమిటి?

చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసేచోట, పొత్తికడుపుకి కుడివైపున, సంచిలాంటి భాగం ఒకటి ఉంటుంది. ఆ సంచికి వానపాములాగా వేలాడే సన్నని గొట్టమే అపెండిక్సు. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఉండుకం అన్నారు. పొడుగు సాధారణంగా 6 నుంచి 9 సెంటీమీటర్లు. ఒక చివర పెద్దపేగులోకి తెరుచుకుని ఉంటుంది, రెండో చివర మూసుకుని ఉంటుంది. అంటే లోపలికీ బయటికీ ఒకటే దారి.

ఆ దారికి ఏదైనా అడ్డు పడితే చిక్కు మొదలవుతుంది. ఒక్కొక్కప్పుడు మలం గట్టిపడి చిన్న రాయిలాగా తయారై అడ్డుపడుతుంది. పిల్లల్లోనూ యువకుల్లోనూ గొట్టం గోడల్లో ఉండే బిళ్ళలు వాచి దారిని మూసెయ్యడం కూడా ఉంది. లోపల ఊరే జిగురు బయటికి పోలేదు. ఒత్తిడి పెరుగుతుంది. సూక్ష్మజీవులు వృద్ధి అవుతాయి. గొట్టం ఉబ్బి, దాని గోడకి రక్తం అందడం మానేస్తుంది. రక్తం అందని భాగం కుళ్ళుతుంది, చివరికి చిల్లి పడుతుంది. దాన్నే మనం పగలడం అంటున్నాం. అప్పుడు పేగులోని మురికి, చీము కడుపు లోపలి పొరమీద పడతాయి. శరీరం దాన్ని ఒకచోట కట్టడి చెయ్యగలిగితే చీముగడ్డ అవుతుంది. చెయ్యలేకపోతే కడుపంతా పాకి, అక్కడినించి రక్తంలోకి విషం ఎక్కుతుంది.

జామగింజలు మింగితే ఈ జబ్బు వస్తుందని చిన్నప్పుడు మనందరినీ బెదిరించారు. గింజ అడ్డుపడడం చాలా అరుదు. కాబట్టి పిల్లల చేతిలోంచి జామకాయ లాక్కోనక్కర్లేదు. ఇది ఎవరికైనా రావచ్చు. జీవితకాలంలో నూటికి ఏడెనిమిది మందికి వస్తుందని లెక్క. పదేళ్ళకీ ముప్పై ఏళ్ళకీ మధ్య ఎక్కువ. అంటే మన ఇళ్ళలో హైస్కూలు, కాలేజీ పిల్లలున్న వయస్సు.

చరిత్ర చెప్పే పాఠం

అపెండిక్సుని కోసి తీసిన మొదటి ఆపరేషను 1735లో లండన్‌లో జరిగింది. క్లాడియస్ అమ్యాండ్ అనే సర్జను పదకొండేళ్ళ కుర్రవాడికి చేశాడు. ఆ కుర్రవాడు మింగిన గుండుసూది అపెండిక్సుకి చిల్లి పెట్టింది. అయినా ఆ తరవాత నూట యాభై ఏళ్ళపాటు కుడిపక్క వచ్చే ఈ నొప్పికి మూలం ఎక్కడుందో వైద్యులు సరిగా పోల్చుకోలేకపోయారు. 1886లో రెజినాల్డ్ ఫిట్జ్ అనే బోస్టన్ డాక్టరు దీనికి మూలం అపెండిక్సేననీ, ఆలస్యం చెయ్యకుండా ఆపరేషను చెయ్యాలనీ వాదించి, అపెండిసైటిస్ అన్న పేరు పెట్టాడు. 1889లో న్యూయార్క్‌లో ఛార్లెస్ మక్‌బర్నీ కడుపుమీద ఏ చోట నొక్కితే నొప్పి ఎక్కువగా ఉంటుందో గుర్తు చెప్పాడు. బొడ్డుకీ, కుడి తుంటి ఎముక ముందు మొనకీ మధ్య గీత గీస్తే, ఎముక వైపునించి మూడో వంతు దూరంలో ఉండే ఆ చోటుని డాక్టర్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఈ జబ్బు గొప్పవాళ్ళనీ తెలిసినవాళ్ళనీ కూడా వదల్లేదు. 1902 జూన్ 26న పట్టాభిషేకం కావలసిన ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి నొప్పిని ఓర్చుకుంటూ ఉత్సవం జరిపించుకుందామనే చూశాడు. సర్జను ఫ్రెడరిక్ ట్రీవ్స్ ఒప్పుకోలేదు. ట్రీవ్స్ కన్నకూతురే అంతకుముందు ఈ జబ్బుతో పోయింది. జూన్ 24న రాజభవనంలోనే ఆపరేషను చేసి చీము తీశారు. దేశదేశాలనించి వచ్చిన అతిథుల్ని వెనక్కి పంపి, పట్టాభిషేకం ఆగస్టు 9న జరుపుకున్నారు. రాజు బతికాడు.

అదే ఏడాది నవంబరులో డాక్టర్ వాల్టర్ రీడ్ బతకలేదు. ఎల్లో ఫీవరు దోమలవల్ల వ్యాపిస్తుందని క్యూబాలో నిరూపించిన మహానుభావుడు, అపెండిక్సు పగిలి 51వ ఏట కన్నుమూశాడు. ఆయన పేరుమీద ఉన్న సైనిక ఆస్పత్రిని వాషింగ్టన్ పరిసరాల్లో ఉండే వాళ్ళందరూ ఎరుగుదురు.

ఇంద్రజాలికుడు హూడినీ కథ మరీ ముఖ్యం. 1926 అక్టోబరులో మాంట్రియల్‌లో ఒక విద్యార్థి ఆయన పొట్టమీద గుద్దాడు. గుద్దులవల్లే అపెండిక్సు పగిలిందని లోకం చెప్పుకుంది, కాని అది రుజువు కాలేదు. రుజువైన విషయం ఇంకొకటి ఉంది. కడుపునొప్పి ఉన్నా రైలెక్కి డిట్రాయిట్ వెళ్ళి, 104 డిగ్రీల జ్వరంతో ప్రదర్శన ఇచ్చిన తరవాత గాని ఆయన ఆస్పత్రిలో చేరలేదు. అప్పటికే అపెండిక్సు పగిలి ఉంది. అక్టోబరు 31న చనిపోయాడు. అప్పట్లో పెన్సిలిన్ లేదు. ఇప్పుడు మందులున్నాయి, స్కానులున్నాయి. కాని మనిషి ఆస్పత్రి గడప తొక్కకపోతే ఏ మందూ పనిచెయ్యదు.

నొప్పి నడక ఎలా ఉంటుంది?

ఎక్కువమందిలో ఇది ఒక వరసలో వస్తుంది. మొదట బొడ్డు చుట్టూ మొద్దుగా నొప్పి. ఎక్కడ అని వేలు పెట్టి చూపించలేరు. దానితో ఆకలి చచ్చిపోతుంది. ఎంతో ఇష్టమైనది వండి పెట్టినా వద్దంటారు. తరవాత వికారం, వాంతి. నొప్పి ముందు, వాంతి తరవాత అన్న వరస గుర్తుపెట్టుకోదగినది. వాంతులూ విరేచనాలూ ముందు వచ్చి నొప్పి తరవాత వస్తే అది తిన్నది పడకపోవడం కావచ్చు. కొన్ని గంటలు గడిచాక నొప్పి కుడిపక్క కిందికి దిగి అక్కడ స్థిరపడుతుంది. ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది. దగ్గినా, నడిచినా, కారు గతుకుల్లో కుదిపినా నొప్పి ఎక్కువవుతుంది. మనిషి కదలకుండా, కాళ్ళు ముడుచుకుని పడుకుంటాడు.

పిల్లవాణ్ణి నిలబడి ఒక్కసారి గెంతమనండి. పెద్దవాళ్ళని మునివేళ్ళ మీద లేచి మడమలు దభాలున నేలకి ఆనించమనండి. కుడిపక్క చేత్తో పట్టుకుని "అమ్మా" అంటే ఇక ఆలోచించనక్కర్లేదు. గెంతగలిగినంత మాత్రాన జబ్బు లేదనడానికి మాత్రం వీల్లేదు. అపెండిక్సు అందరిలోనూ ఒకేలాగా ఉండదు. కొందరిలో పేగు వెనక దాగి నడుంనొప్పి తెప్పిస్తుంది. కొందరిలో కిందికి జారి, మూత్రం మంటలాగా, విరేచనాలలాగా కనిపిస్తుంది. ఆడవాళ్ళలో అండాశయం తిత్తి మెలిపడినా, గర్భం నిలవవలసిన చోట కాకుండా గొట్టంలో నిలిచినా ఇలాంటి నొప్పే వస్తుంది. అవీ ఆగే జబ్బులు కావు.

ఎంత టైముంది? న్యూయార్క్‌లో జరిగి 2006లో వెలువడిన పరిశీలన ఒకటి, నొప్పి మొదలైన 36 గంటల లోపల పగిలే అవకాశం నూటికి రెండు లేక అంతకంటే తక్కువనీ, ఆ తరవాత ప్రతి పన్నెండు గంటలకీ నూటికి అయిదు చొప్పున ఉంటుందనీ చెప్పింది. మన పెద్దల ఇరవై నాలుగు గంటల లెక్క అంత తప్పేమీ కాదన్నమాట. ఇది సగటు లెక్క. చంటిపిల్లల్లో అంతకంటే ముందే పగలవచ్చు.

మోసపుచ్చే ఉపశమనం

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. అపెండిక్సు పగిలిన క్షణంలో లోపలి ఒత్తిడి దిగిపోతుంది. దానితో కొందరికి నొప్పి హఠాత్తుగా తగ్గినట్టు ఉంటుంది. రాత్రంతా మూలిగిన మనిషి తెల్లవారేసరికి "ఫరవాలేదు, తగ్గింది" అంటాడు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, కాఫీ కలిపి ఇస్తారు. ఆ హాయి కొద్ది గంటలే. తరవాత నొప్పి కుడిపక్కకే పరిమితం కాకుండా పొట్టంతా అలుముకుంటుంది. పొట్ట చెక్కలాగా బిగుసుకుపోతుంది. చలితో వణికించే జ్వరం వస్తుంది, నాడి వేగంగా కొట్టుకుంటుంది, నాలుక ఎండిపోతుంది. ఒక్కొక్కరు తికమకగా మాట్లాడతారు. ఆ దశకి వచ్చాక సొంత కారు మాట మరిచి 911కి ఫోను చెయ్యాలి.

కుడిపక్క నొప్పితో రాత్రి గడిపిన వాళ్ళకి వైద్యం లేకుండా ఒక్కసారిగా నొప్పి మాయమైతే సంతోషించకండి. ఆస్పత్రికి వెళ్ళండి.

లక్షణాలు చెప్పినట్టు వినని వాళ్ళు

అయిదేళ్ళ లోపు పిల్లలు ఎక్కడ నొప్పో చెప్పలేరు. ఏడుస్తారు, పాలు వద్దంటారు, వాంతి చేసుకుంటారు, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటారు. ఈ వయసులో సగానికి పైగా కేసుల్లో పగిలిన తరవాతే జబ్బు బయటపడుతుంది. గర్భిణీల్లో కడుపు పెరిగే కొద్దీ అపెండిక్సు పైకి జరిగి, నొప్పి డొక్కలో రావచ్చు. "నెలలు నిండుతున్నాయి, ఇవన్నీ మామూలే" అని సరిపెట్టుకుంటారు. పగిలితే బిడ్డ దక్కని ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది.

అరవై దాటిన వాళ్ళలో నొప్పి తక్కువగా, జ్వరం నామమాత్రంగా ఉండవచ్చు. లోపల మాత్రం జబ్బు త్వరగా ముదురుతుంది. మధుమేహం ఉన్నవాళ్ళని మరీ జాగ్రత్తగా కనిపెట్టాలి. అపెండిసైటిస్‌తో ప్రాణం పోయేది ఈ వయసులోనే ఎక్కువ.

అమ్మా నాన్నా వచ్చినప్పుడు

మన ఇళ్ళలో ఆ వయసువాళ్ళు ఎవరు? ఆరు నెలలకని మన దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలూ అత్తమామలూ. వాళ్ళకి నొప్పి వస్తే మొదట మనకి చెప్పరు. పిల్లలు ఆఫీసుకి వెళ్ళాలి, మనవడికి పరీక్ష ఉంది, ఈ దేశంలో ఆస్పత్రికి వెళితే ఇల్లు అమ్ముకోవాలట అని మనసులో పెట్టుకుంటారు. "ఏమిటి నాన్నా, అలా ఉన్నారు?" అంటే "ఏం లేదురా, రాత్రి పెసరట్టు పడలేదు" అంటారు. రెండు పూటలు మజ్జిగ తాగి పడుకుంటారు. అమ్మ అయితే ఆ నొప్పితోనే వంట చేస్తుంది.

ఖర్చు గురించి వాళ్ళ భయం అబద్ధం కాదు. ఇక్కడి బిల్లులు మనకే గుండె దడ పుట్టిస్తాయి. కాని లెక్క సరిగా వెయ్యాలి. పగలని అపెండిక్సుకి ఆపరేషను అయితే చాలామంది మర్నాడే ఇంటికి వస్తారు. పగిలితే రోజుల తరబడి ఆస్పత్రి, మళ్ళీ మళ్ళీ స్కానులు, చీము తీసే గొట్టాలు, ఒక్కొక్కప్పుడు ఇంటెన్సివ్ కేరు. ఆలస్యంవల్ల మిగిలేది ఏమీ లేదు.

తెలుసుకోవలసిన సంగతులు మరి రెండు. 1986లో వచ్చిన ఫెడరలు చట్టం ప్రకారం మెడికేరుతో ఒప్పందం ఉండి ఎమర్జెన్సీ విభాగం నడిపే ఆస్పత్రులు, వచ్చిన మనిషికి ఇన్సూరెన్సు ఉన్నా లేకపోయినా ముందు పరీక్ష చేసి, ప్రాణాపాయం ఉంటే నిలకడకి తేవాలి. దేశంలో దాదాపు అన్ని ఆస్పత్రులూ ఈ లెక్కలోకి వస్తాయి. బిల్లు రాదని దీని అర్థం కాదు, గుమ్మంలోంచి పంపెయ్యకూడదని అర్థం. రెండోది, లాభాపేక్ష లేని ఆస్పత్రులు ఆర్థిక సహాయం ఎవరికి ఎలా ఇస్తారో రాసి ఉంచాలని 2010 చట్టం చెబుతోంది. అడిగితే ఆ కాగితం ఇస్తారు. కట్టే ముందు వివరమైన బిల్లు కూడా అడగండి. పెద్దవాళ్ళు విమానం ఎక్కకముందే సందర్శకుల ఇన్సూరెన్సు తీసుకోవడం, అందులో అకస్మాత్తుగా వచ్చిన జబ్బుకి ఎంతవరకు ఇస్తారో చదవడం మన పని.

ఇంకొక చిక్కు భాష. అమ్మ "కడుపులో దేవుతోంది" అంటుంది, "మెలిపెడుతోంది" అంటుంది, "పోటు" అంటుంది, "సలుపు" అంటుంది. ఇవి నాలుగు వేరువేరు సంగతులు. మనం కంగారులో అన్నింటినీ ఒక్క ఇంగ్లీషు మాటలో తేల్చేస్తాం. నర్సు ఒకటినించి పది దాకా నొప్పి ఎంత అని అడిగితే, నాన్నగారు మర్యాదకోసం "మూడు" అంటారు. నడవలేక వంగి వచ్చిన మనిషి మూడు అన్నారని, ఆ సంగతి డాక్టరుకి మనం విడమరిచి చెప్పాలి. తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు. చాలా ఆస్పత్రుల్లో టెలిఫోను మీద ఏర్పాటు చేస్తారు.

ఇంట్లో చెయ్యకూడనివి

ఆముదం పట్టడం, విరేచనాల మాత్ర వెయ్యడం, ఎనిమా ఇవ్వడం ఈ నొప్పిలో ప్రమాదం. పేగు గట్టిగా కదిలితే ఉబ్బిన అపెండిక్సు పగలడానికి అవకాశం పెరుగుతుంది. పొట్టమీద వేడినీళ్ళ సంచీ పెట్టి పడుకోబెట్టడం కూడా వద్దు. వాము నమలడం వల్ల హాని లేకపోవచ్చు కాని, "చూద్దాం పని చేస్తుందేమో" అని ఒక పూట గడిచిపోతుంది.

మన సూటుకేసుల్లో ఇండియానించి తెచ్చుకున్న మందుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మిగిలిపోయిన యాంటీబయాటిక్ రెండు మాత్రలు, నొప్పి మాత్ర ఒకటి వేసుకుంటే జ్వరం, నొప్పి కాస్త అణగవచ్చు. లోపలి జబ్బు అణగదు, గుర్తుపట్టడం మాత్రం కష్టమవుతుంది. ఏదైనా వేసుకుని ఉంటే దాచకుండా డాక్టరుకి చెప్పండి. ఆస్పత్రిలో పరీక్ష చేస్తూనే నొప్పికి మందు ఇస్తారు. అలా ఇస్తే జబ్బు తెలియకుండా పోతుందన్న పాత నమ్మకం ఇప్పుడు లేదు.

మన సంఘంలో డాక్టర్లకి కొదవ లేదు. రాత్రి పదకొండింటికి స్నేహితుడైన డాక్టరుకి ఫోను చెయ్యడం మనకి అలవాటు. చెయ్యండి. కాని పొట్ట నొక్కి చూడకుండా టెలిఫోనులో అపెండిసైటిస్ కాదని ఏ డాక్టరూ చెప్పలేరు. "వెళ్ళండి" అంటే వెళ్ళండి, "నువ్వే ఒకసారి వచ్చి చూడరాదూ" అని బతిమాలకండి.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

రక్తం, మూత్రం పరీక్ష చేస్తారు. పిల్లలకీ గర్భిణీలకీ ముందు అల్ట్రాసౌండు, పెద్దలకి ఎక్కువగా సీటీ స్కాను. గర్భిణీలకి అవసరమైతే ఎమ్మారై తీస్తారు. ఆపరేషను ఇప్పుడు చాలావరకు మూడు చిన్న గాట్లతో, కెమెరా గొట్టం సాయంతో అయిపోతుంది. జర్మనీలో కుర్ట్ సెమ్ 1980లో ఈ పద్ధతిలో మొదటిసారి అపెండిక్సు తీశాడు.

ఆపరేషను లేకుండా మందులతో నయం చెయ్యవచ్చని మీరు విని ఉంటారు. అందులో నిజం ఉంది. ఈ దేశంలో 25 ఆస్పత్రుల్లో 1,552 మంది పెద్దవాళ్ళ మీద జరిగిన పరిశోధన 2020లో వెలువడింది. యాంటీబయాటిక్సు మాత్రమే ఇచ్చినవాళ్ళలో పదిమందిలో ఏడుగురికి మూడు నెలలదాకా ఆపరేషను అవసరం రాలేదు. గొట్టంలో రాయి ఉన్నవాళ్ళలో మాత్రం పదిమందిలో నలుగురికి ఆపరేషను తప్పలేదు. పగిలి చీము కడుపంతా పాకినవాళ్ళని ఆ పరిశోధనలో చేర్చుకోనేలేదు. ఇది స్కాను చూసి డాక్టరూ రోగీ కలిసి తీసుకునే నిర్ణయం, ఇంట్లో అలమార తెరిచి తీసుకునేది కాదు.

ఆస్పత్రిలో చేరాక ఆపరేషను రేపు పొద్దున అన్నారని గాభరా పడకండి. సాదా అపెండిసైటిస్‌లో ఎనిమిది గంటల్లో చేసినా, ఇరవై నాలుగు గంటల్లో చేసినా పగలడంలో తేడా లేదని ఫిన్లండు, నార్వే దేశాల్లో జరిగి 2023లో వెలువడిన పరిశోధన తేల్చింది. మనం భయపడవలసింది ఇంట్లో జరిగే ఆలస్యానికి.

పగిలిన తరవాత దారి దూరం. చీము కడుపంతా ఉంటే వెంటనే ఆపరేషను చేసి లోపల శుభ్రం చేస్తారు. గడ్డ కట్టి ఉంటే స్కాను చూస్తూ సూదితో చీము తీసి, నరంలోకి మందులు ఎక్కించి, కొందరికి ఆరు నుంచి ఎనిమిది వారాల తరవాత అపెండిక్సు తీస్తారు. ఇంటికి వచ్చాక కూడా మళ్ళీ చీము పట్టవచ్చు. లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కుని, ఏళ్ళ తరవాత పేగుకి అడ్డం పడవచ్చు. ఇంటికి వచ్చాక జ్వరం, వాంతి, పొట్ట ఉబ్బరం కనబడితే వెంటనే తిరిగి వెళ్ళాలి.

ఫ్రిజ్ తలుపుమీద అంటించుకోవలసినవి

1. బొడ్డు దగ్గర మొదలై కుడిపక్క కిందికి దిగిన నొప్పి, ఆకలి లేకపోవడం, కదిలితే ఎక్కువ కావడం - ఇవి ఉంటే అదే రోజు ఎమర్జెన్సీకి.
2. ఆముదం, విరేచనాల మందు, ఎనిమా, వేడి కాపడం, మిగిలిన యాంటీబయాటిక్సు వద్దు.
3. అనుమానం బలంగా ఉంటే ఆస్పత్రికి వెళ్ళేదాకా ఏమీ తినకండి, తాగకండి. ఆపరేషను కావలసి రావచ్చు.
4. నొప్పి హఠాత్తుగా తగ్గితే మరింత తొందరపడండి.
5. చంటిపిల్లలు, గర్భిణీలు, అరవై దాటినవాళ్ళ విషయంలో లక్షణాలన్నీ కలిసేదాకా ఆగకండి.
6. పొట్ట బిగుసుకుని, వణుకుతో జ్వరం వచ్చి, మనిషి వేలాడిపోతే 911.
7. వాడుతున్న మందులు, పడని మందులు, ఇన్సూరెన్సు నంబరు ఒక కాగితం మీద రాసి ఉంచండి.

చివరగా ఒక మనవి. ఈ వేసవికి మీ ఇంటికి పెద్దవాళ్ళు వస్తుంటే, వచ్చిన వారం లోపలే తీరిగ్గా కూర్చుని చెప్పండి. "నొప్పి వస్తే అర్ధరాత్రయినా నన్ను లేపాలి, ఖర్చు సంగతి నేను చూసుకుంటాను" అని నోరు విప్పి చెప్పండి. మనసులో అనుకుంటే వాళ్ళకి తెలియదు. కాలేజీ హాస్టలులో ఉన్న పిల్లలకి కూడా ఈ నొప్పి ఎలా నడుస్తుందో ఒకసారి ఫోనులో వివరించండి. అక్కడ వాళ్ళని లేపి ఆస్పత్రికి తీసుకువెళ్ళడానికి మనం ఉండం.